పౌడర్ పూసుకోవద్దన్నారు

జబ్బు చేసినప్పటికంటే జబ్బు తగ్గాకే లీలకి ఎక్కువ ఒళ్ళు మండుతోంది. అప్పుడు మండటానికి ఓపిక ఉండేది కాదు, అదీ సంగతి. ఆపరేషన్, కీమో, రేడియేషన్ వరసబెట్టి వచ్చి ఉన్న సత్తువంతా పిండుకుని పోయాయి. తర్వాత జుట్టు మళ్ళీ వచ్చింది, గోళ్ళు మళ్ళీ వచ్చాయి, వాటి వెనకాలే కోపమూ వచ్చింది. నాలుగేళ్ళు దాటినా జనం మాత్రం వదల్లేదు. టెక్సాస్‌లోని ప్లేనోలో ఏ తెలుగువాళ్ళింటికి పేరంటానికి వెళ్ళినా, ఆమెని చూడగానే ఎవరో ఒకరు గొంతు తగ్గిస్తారు, ఇంకెవరో వచ్చి భుజం నిమురుతారు. ఆ నిమిరే చేతిని పుటుక్కున కొరకాలనిపిస్తుంది లీలకి. కానీ ఎవర్నని కొరుకుతుంది, అందరూ మంచివాళ్ళే.

మంచివాళ్ళలోకెల్లా మంచిది నాగమల్లేశ్వరి. ఆమె ఇల్లు రెండు వీధుల అవతల. లీలని వదినా అంటుంది, లీల మొగుడు గోపీనాథ్‌ని అన్నయ్యగారూ అంటుంది, ఆ వరస ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ తెలియదు. కీమో రోజుల్లో తన గరాజ్‌లో ట్రేలు పెట్టి గోధుమగడ్డి పెంచింది. రోజూ పొద్దున్నే రసం తీసి, ఆఫీస్‌కి వెళ్తూ వెళ్తూ ఇచ్చిపోయేది. అడక్కుండా ఏదీ తాగొద్దని డాక్టర్ చెప్పారని లీల మొత్తుకుంటే, ఇది మందు కాదు కదా వదినా, గడ్డే కదా అనేది. పైగా ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చేదాకా గుమ్మంలోంచి కదిలేది కాదు. లీల లోపలికి తీసుకెళ్ళి సింక్‌లో పోసి, గ్లాసు కడిగి తెచ్చి ఇచ్చేది. కీమో అయ్యేదాకా అలాగే పోసింది. ఆ సింక్‌కి మాత్రం ఈ జన్మలో క్యాన్సర్ రాదు.

బయటివాళ్ళ సంగతి అలా ఉంచితే, ఇంట్లో గోపీనాథ్ ఉన్నాడు. కెమికల్ ఇంజనీర్. రంగుల కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. దేవుడి జోలికి తను వెళ్ళడు, తన జోలికి దేవుణ్ణి రానివ్వడు. లీలని గుడికి తీసుకెళ్ళి తను కార్‌లోనే కూర్చుంటాడు, పులిహోర పెట్టే వేళకి మాత్రం దిగి వస్తాడు. గడ్డ సంగతి బయటపడిన సాయంత్రం, ఏ మొగుడైనా పెళ్ళాం పక్కన కూలబడతాడు. ఈయన వెళ్ళి ఒక తెల్ల బోర్డు కొనుక్కొచ్చి డైనింగ్ రూమ్ గోడకి బిగించాడు. కీమో తేదీలు నీలం రంగులో, రక్తపరీక్షలు ఎరుపులో, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెయ్యాల్సిన ఫోన్లు ఆకుపచ్చలో రాశాడు. మన ప్రాజెక్ట్ అన్నాడు దాన్ని. రొమ్ము లీలది, ప్రాజెక్ట్ ఇద్దరిదీ.

నిజం చెప్పొద్దూ, పని మాత్రం ఏదీ తప్పించలేదు. డ్రైవ్ చేశాడు, వండాడు, వాంతి గిన్నెలు కడిగాడు, బట్టలు ఉతికాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు, అదే లీలకి పెద్ద వంక. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నాకు భయంగా ఉంది లీలా అన్నాడా ఆ మనిషి? తను ఏడిస్తే టిష్యూ డబ్బా ముందుకు జరిపి, స్టాటిస్టిక్స్ చూడు లీలా, నూటికి తొంభైమందికి ఏమీ కాదు అనేవాడు. ఆ తొంభైమందీ ఎవరో, ఎక్కడుంటారో గానీ, వాళ్ళ పేరెత్తితే చాలు లీలకి అరికాలి మంట నెత్తికెక్కేది. భయం మూటంతా తనొక్కతే మోస్తోంది, ఈయనేమో పక్కన చేతులూపుకుంటూ నడుస్తున్నాడు. ఇద్దరు ఉండీ ఒక్కతే ఉన్నట్టు ఉండేది ఆమెకి.

ఆ ఏడు ఆగస్టులో మళ్ళీ మామోగ్రామ్, ఏటా రొమ్ముకి తీసే ఎక్స్‌రే, వచ్చింది. ఇన్నాళ్ళూ పరీక్ష కాగానే బయట కూర్చోబెట్టి, డాక్టర్ అప్పటికప్పుడే చూసి, ఏమీ లేదు వెళ్ళిరండి అనేవాళ్ళు. ఈసారి, మీకింక అంత అవసరం లేదు, అందరికీ చేసే మామూలు పరీక్షే చాలు, రిజల్ట్ కొన్ని రోజుల్లో చెబుతాం అన్నారు. నాగమల్లేశ్వరి అది విని లీలకి ప్రమోషన్ వచ్చినట్టు సంబరపడింది. లీలకి మాత్రం ఒళ్ళు జలదరించింది. పరీక్ష చేసి, ఫలితం దగ్గర పెట్టుకుని, ఇంటికి పోయి పప్పు వండుకోమంటే ఎలా వండుకుంటుంది?

అందులోనూ ఈసారి ఇంకో సంగతి ఉంది. కూతురు ఉజ్వల విమానంలో నాలుగు గంటల దూరాన బాతెల్‌లో ఉంటుంది, సెప్టెంబర్‌లో దానికి పురుడు. లీల టికెట్ బుక్ చేసుకుంది, బాలింతకి పెట్టే కాయం వేయించి పొడి కొట్టి డబ్బాలో పెట్టుకుంది, పాత చీరలు చింపి పక్కగుడ్డలు కుట్టింది. ఈ పరీక్షలో ఏమీ లేదనిపించుకుంటేనే ఆ ప్రయాణం. ఏదైనా ఉందన్నారా, మళ్ళీ సూదులు, మళ్ళీ గుండు, పురిటిమంచం దగ్గర తల్లి ఉండదు. బిడ్డని ఎత్తుకునే యోగం అసలుంటుందో ఉండదో. లీల ఆ మాట పైకి అనలేదు, లోపల మాత్రం అదే తిరుగుతూ ఉంది.

పరీక్షకి ముందు ఆదివారం నాగమల్లేశ్వరి ఒక పొట్లం పట్టుకుని వచ్చింది. శ్రీశైలం వెళ్ళినప్పుడు వాళ్ళ పెద్దమ్మ తెచ్చిన విభూతి అట. పరీక్షకి వెళ్ళేముందు ఆ చోట రాసుకుని వెళ్ళమంది. పరీక్ష చేసేవాళ్ళు ఇస్తే ఫ్రిజ్ మీద అంటించిన కాగితం లీల చూపించింది. ఆ రోజు పౌడర్, సెంటు, క్రీము, ఏవీ పూసుకోకూడదని అందులో ఉంది. నాగమల్లేశ్వరి నొచ్చుకుంది. విభూతినీ పౌడర్‌నీ ఒక గాటన కట్టేస్తావా వదినా అంది. ఇంక వాదించే ఓపిక లేక లీల పొట్లం పుచ్చుకుని, ఆమె వెళ్ళాక గోపీనాథ్ చేతిలో పెట్టింది.

"పిడకలు కాల్చిన బూడిద," అన్నాడు గోపీనాథ్, వేళ్ళ మధ్య నలిపి చూసి. "క్యాల్షియం, పొటాషియం, కాస్త ఇసక. దీనికింత మర్యాదేమిటో."

పారెయ్యకండి, పాపం ప్రేమగా ఇచ్చింది, దేవుడి దగ్గర పెట్టండి అని లీల అంది. అలాగే అని తీసుకెళ్ళాడు. ఎక్కడ పెట్టాడో ఆమె చూడలేదు.

పరీక్ష రోజు పొద్దున్న లీల కాగితంలో ఉన్నదల్లా తు.చ. తప్పకుండా చేసింది. వాసన లేని సబ్బుతో స్నానం చేసింది, టెక్సాస్ ఎండకి చంకల్లో చెమటలు కారిపోతున్నా ఏమీ రాసుకోలేదు. ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆమె గడ్డ తీసిన పక్కకి చూసుకోదు. అద్దానికి వీపు తిప్పి, గోడ మీద క్యాలెండర్ చూస్తూ, బ్రా తగిలించుకుని జాకెట్టు వేసుకుంటుంది. ఆ రోజు స్నానం చేసి వచ్చేసరికి గోపీనాథ్ పడగ్గదిలో మంచం దగ్గర తచ్చాడుతున్నాడు. అక్కడేం పని మీకు అని కసిరింది. కార్ తాళాలు వెతుకుతున్నానన్నాడు. తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఈ మనిషికి మతిమరుపు కూడా మొదలైంది కాబోలని విసుక్కుంది లీల.

పరీక్ష అయింది. ఇంటికొచ్చి బట్టలు మార్చుకుంటుంటే బ్రా లోపల తెల్లగా పొడి అంటుకుని కనిపించింది. లీల అక్కణ్ణించే కేకలు మొదలుపెట్టింది. సబ్బు పొడి చారెడు చాలంటే దోసెడు పోస్తారు, సరిగ్గా జాడించని మెషిన్ ఒకటి, ఆ పెద్ద డబ్బా చవకని మోసుకొచ్చిన మీరొకరు అని తిట్టింది. మామూలుగా అయితే గోపీనాథ్ నీళ్ళ కొలతా, పొడి కొలతా చెప్పి అరగంట వాదిస్తాడు. ఆ రోజు, ఈసారి తగ్గిస్తాలే అన్నాడు, అంతే. లీల ఆశ్చర్యపడాల్సింది. కోపంలో ఉండి పట్టించుకోలేదు.

వారం తిరక్కుండా పరీక్ష చేసిన సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎడమ వైపు ఇంకొన్ని ఫిల్ములు తియ్యాలి, పై గురువారం రండి అంది అక్కడి పిల్ల, జుట్టు కత్తిరించుకోడానికి టైమ్ ఇస్తున్నంత హాయిగా. ఎందుకు, ఏం కనిపించింది అని లీల అడిగితే, అది డాక్టర్ చెబుతారు, మంచి రోజు గడపండి అని పెట్టేసింది. ఎడమ వైపే గడ్డ తీసింది. ఇంక మంచి రోజు ఎక్కణ్ణించి వస్తుంది?

గోపీనాథ్ బోర్డు ముందు నిలబడ్డాడు. మార్కర్ మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి నూటికి పదిమందిని ఇలా మళ్ళీ పిలుస్తారనీ, ఆ పదిమందిలోనూ దాదాపు అందరికీ ఏమీ ఉండదనీ మొదలుపెట్టాడు.

"మీ లెక్కలు ఆపండి," అంది లీల. "మొదటిసారి కూడా నేను ఆ మిగిలిన కాసినిమందిలోనే ఉన్నాను."

గోపీనాథ్ బోర్డు మీద గురువారం అని రాయబోయి, రాయకుండానే మార్కర్ కింద పెట్టాడు. ఆ మౌనం కూడా లీలకి నచ్చలేదు. మాట్లాడితే అంకెలు, లేకపోతే బెల్లంకొట్టిన రాయి, మధ్యలో మనిషన్నవాడు లేడా అనుకుంది.

గురువారం దాకా ఆ ఇంట్లో దేనికీ శాంతి లేదు. లీల వంటింటి అరలన్నీ కిందికి దింపి, పురుగు పట్టినవీ పట్టనివీ పప్పులన్నీ పారేసింది. ఉజ్వల ఫోన్ చేసి, అమ్మా నువ్వు వచ్చే రోజు ఎయిర్‌పోర్ట్‌కి తనే రావాలా అల్లుణ్ణి పంపాలా అంటే, ఎవరో ఒకరు రండి, ఇంత దానికి ఫోనెందుకు అని కసిరి, పెట్టేశాక ఏడ్చింది. కడుపుతో ఉన్న పిల్లకి చెప్పేదీ కాదు, చెప్పకుండా మింగేదీ కాదు. ఆ సాయంత్రమే నాగమల్లేశ్వరి ఎర్రబడ్డ కళ్ళతో ముక్కలపులుసు గిన్నె పట్టుకుని దిగింది. లీల ఎవరికీ చెప్పలేదు. అంటే ఈ ఘనుడే చెప్పాడన్నమాట. గోరుచుట్టు మీద రోకటి పోటని, ఉన్న బాధ చాలక ఆమెని ఓదార్చే పని కూడా లీల మీదే పడింది. ఏమీ ఉండదులే మల్లేశ్వరీ, నూటికి పదిమందిని పిలుస్తారట అని తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. ఆ మాట తన నోట విని తనకే మండింది.

గురువారం ఇద్దరూ వెళ్ళారు. దారిలో గోపీనాథ్ వెళ్ళాల్సిన మలుపు దాటేసి హైవే మీద వెనక్కి తిరిగి వచ్చాడు. లోపల ఫిల్ములు తీసే ఆమె తడి తుడుపు గుడ్డలు ఇచ్చి, ముందు రొమ్ము కిందా చంకలోనూ బాగా తుడుచుకోమంది. పౌడర్‌గానీ క్రీముగానీ ఏమైనా పూసుకున్నారా అని అడిగింది. లీలకి పౌరుషం పొడుచుకొచ్చింది. తను చదువుకున్నదాన్ననీ, ఇచ్చిన కాగితం చదివాననీ, ఏమీ పూసుకోలేదనీ చెప్పింది. గోడ కేసి చూస్తూనే గబగబా తుడిచి, ఆ గుడ్డ బుట్టలో పడేసింది. తర్వాత ఆ చల్లటి పలకల మధ్య రొమ్ము పెట్టి నొక్కారు, అటు తిప్పి నొక్కారు, ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టమని వేరే చెప్పాలా, ఆ వారమంతా ఆమె ఊపిరి తీసుకుంటే కదా.

ఈసారి డాక్టర్ తనే గదిలోకి వచ్చింది. డాక్టర్ తనే వచ్చిందంటే ఏమిటో లీలకి తెలుసు, గడ్డ బయటపడ్డప్పుడూ అలాగే వచ్చారు. లీల గౌను ముడి గట్టిగా పట్టుకుంది. డాక్టర్ తెర మీద కిందటి పరీక్ష ఫిల్మూ ఇవాళ్టి ఫిల్మూ పక్కపక్కన పెట్టింది. మొదటిదాంట్లో రొమ్ము కింది మడతలో తెల్లటి చుక్కలు, బియ్యపు నూక జల్లినట్టు ఉన్నాయి. క్యాన్సర్ మళ్ళీ మొదలైతే ఒక్కోసారి ఇలాంటి చుక్కలే పడతాయనీ, అందుకే పిలిచామనీ చెప్పింది. రెండోదాంట్లో చుక్క లేదు. అవి లోపలివి కావు, చర్మం మీదవి, క్యాల్షియం ఉన్న పొడి ఏదో అంటుకుంది, తుడిస్తే పోయింది అంది. ఏమీ లేదు, ఏడాదికి మళ్ళీ కనిపించండి అని నవ్వింది.

లీల నవ్వలేదు. తను పౌడర్ పూసుకోలేదని డాక్టర్‌కి మళ్ళీ చెప్పింది. పోనీలెండి, అయిపోయింది కదా అంది ఆవిడ. అలా ఎలా పోనిస్తుంది? వారం రోజులు నరకం చూసింది, పైగా చెప్పిన మాట వినని మొద్దుల లెక్కలోకి కూడా వచ్చింది.

బట్టలు మార్చుకునే గదిలో లీల ఆ రోజు గోడ కేసి తిరగలేదు. నాలుగేళ్ళ తర్వాత తిన్నగా తనని తను చూసుకుంది. మచ్చ ఉంది, పక్కన చిన్న గుంట ఉంది, అంతే. ఇన్నాళ్ళు తల తిప్పుకున్నంత ఘోరమేమీ లేదక్కడ. తర్వాత బ్రా చేతిలోకి తీసుకుని లోపలికి తిప్పింది. ఎడమ వైపు అడుగున అదే తెల్లటి పొడి, కిందటిసారి కంటే ఎక్కువే, చిటికెడు కాదు, మూడు వేళ్ళకొచ్చినంత. సబ్బు పొడి అనుకోడానికి ఆ రోజు తను తొడుక్కున్నది కొత్తది, ఇంకా ఉతకనిది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సబ్బు కాదు. కర్పూరం కలిసిన విభూతి వాసన.

నాగమల్లేశ్వరి తన పడగ్గదిలోకి రాలేదు. ఆ ఇంట్లో తను కాక ఉన్న మనిషి ఇంకొక్కడే. మంచం దగ్గర తచ్చాడటం, చేతిలో తాళాలు పెట్టుకుని తాళాలు వెతకడం, సబ్బు పొడి తిట్లకి తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకోవడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. లీలకి ముందు వచ్చింది కోపమే. ఆ బ్రా అలాగే పట్టుకెళ్ళి వెయిటింగ్ రూమ్‌లో అందరి ముందూ ఆయన మొహాన కొడదామనుకుంది.

బయటికి వచ్చేసరికి గోపీనాథ్ లేచి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఏమైంది అని అడగడానికి నోరు తెరిచాడు. శాతాలు రాలేదు, తొంభైమందీ రాలేదు. మొహం చూస్తే నెత్తురు చుక్క లేదు.

"ఏమీ లేదట, పదండి," అంది లీల.

ఆయన కూర్చుండిపోయాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచి, తలకిందులుగా పెట్టుకోబోయి కింద పడేశాడు. లీల వంగి తీసి ఇచ్చింది. కొట్టడం కార్‌లోకి వాయిదా వేసింది.

కార్‌లో తలుపులు వేశాక మొదలుపెట్టింది. పిడకల బూడిద అన్నదెవరు, క్యాల్షియం అన్నదెవరు, ముప్ఫయ్యేళ్ళు కెమిస్ట్రీ వెలగబెట్టిన మనిషికి క్యాల్షియం ఎక్స్‌రేలో తెల్లగా పడుతుందని తెలియదా అని దులిపేసింది. తెలుసు, ఆ పూట తోచలేదు అన్నాడు గోపీనాథ్, స్టీరింగ్ కేసి చూస్తూ. ఇదివరకు పరీక్షలన్నిటికీ పెట్టారా అంటే, లేదు, ఈసారే, ఇదివరకు అప్పటికప్పుడు చెప్పేవాళ్ళు కదా, ఈసారి ఆగాలన్నారు, తన వల్ల కాలేదన్నాడు. ఆ ఫోన్ వచ్చాక, మొదటిసారి వేసింది చాల్లేదేమో అనిపించిందట. అందుకని ఈసారి ఎక్కువ వేశాడట.

"దేవుడే లేడంటారు కదా, మరి ఇదేమిటి?"

"లేడు," అన్నాడు. "నాకు తెలిసినవన్నీ చేసేశాను లీలా. ఇంక చెయ్యడానికి నాకు తెలియనిది ఒక్కటే మిగిలింది."

అయినా లీల వదల్లేదు. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా భయంగా ఉందని తనతో అన్నారా అని నిలదీసింది.

"నువ్వు పడుతున్నావు కదా," అన్నాడు గోపీనాథ్. "ఇద్దరం ఒకేసారి భయపడితే డ్రైవ్ చేసేదెవరు?"

"ఇవాళ చేశారుగా నిర్వాకం. మలుపు దాటించి హైవే అంతా తిప్పారు." ఆ మాట అంటూనే లీల ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు, చడీచప్పుడూ లేకుండా, నాలుగేళ్ళది కలిపి. టిష్యూ డబ్బా ఈసారి లీల జరిపింది. జరుపుతూ, ఇలా పెళ్ళాం బట్టల్లో దొంగతనంగా బూడిద పొయ్యకపోతే నోటితో ఒక ముక్క చెప్పి చావొచ్చు కదండీ అని తిట్టింది. తిట్టడం ఇంటిదాకా ఆపలేదు. ఆ రోజు ఆయనకి అది హాయిగానే ఉన్నట్టుంది, ఒక్కదానికీ వాదించలేదు.

లీల బాతెల్ వెళ్ళింది. మనవరాలు పుట్టింది. నాగమల్లేశ్వరికి మాత్రం జరిగింది చెప్పలేదు. చెబితే శ్రీశైలం విభూతి చుక్కల్ని తుడిచేసిందని ఊరంతా చాటిస్తుంది, ఆ చుక్కలే విభూతివని ఎంత చెప్పినా తలకెక్కదు.

మళ్ళీ ఏడాది, మళ్ళీ ఆగస్టు. అదే సెంటర్, అదే పార్కింగ్ లాట్, అదే ఎండ. గోపీనాథ్ ఇంజన్ ఆపి, లీల బట్టలకేసి కాదు గదా, ఆమె హ్యాండ్‌బ్యాగ్‌కేసి కూడా చూడకుండా బుద్ధిగా కూర్చున్నాడు. చేతులు మాత్రం స్టీరింగ్ వదల్లేదు. భయంగా ఉందా అని అడిగింది లీల. ఈసారి దాచలేదు, ఉంది అన్నాడు. లీల బ్యాగ్ తెరిచి నాగమల్లేశ్వరి పొట్లం తీసింది. ఇటు తిరగండి అని, మూడు వేళ్ళతో ఆయన నుదుటి మీద ఈ చివరనుంచి ఆ చివరిదాకా మూడు అడ్డగీతలు దట్టంగా గీసింది.

"లీలా, లోపల అందరూ చూస్తారు," అన్నాడు ఆయన.

"చూడనివ్వండి. భయపడేవాళ్ళు పెట్టుకోవాలి గానీ, నాకు పెడితే ఏం లాభం?"

తడి గుడ్డతో తన వేళ్ళు శుభ్రంగా తుడుచుకుని దిగింది. లోపల గోపీనాథ్ ఆ గీతలతోనే కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న ముసలావిడ రెండుసార్లు చూసింది. కాస్త బూడిద ముక్కు మీదికి రాలింది కూడా. ఆయన చెయ్యి పైకి లేచి నుదుటిదాకా వెళ్ళి, తాకకుండానే కిందికి దిగింది.

లోపలినుంచి పిలిచారు. ఫిల్ములు తీసే ఆమె గౌను ఇచ్చి, పౌడర్ ఏమైనా పూసుకున్నారా అని అడిగింది.

"నేను పూసుకోలేదు," అంది లీల. "ఈసారి మా ఆయన పూసుకున్నారు."